ఇటలీ అంతా ఇటాలియనేనా? అపోహలు - వాస్తవాలు

పోయిన సెప్టెంబరులో నా స్టూడెంట్ ఒకమ్మాయి బోల్జానోలో రైలు దిగగానే ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "మేడమ్, ఇక్కడ బోర్డుల మీద జర్మన్ ఉంది. రైల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళు కూడా జర్మనే మాట్లాడారు. పొరపాటున ఆస్ట్రియాలో దిగానా?" అని అడిగింది. తను దిగింది ఇటలీలోనే, దిగాల్సిన స్టేషన్‌లోనే. పొరపాటు నాది. ఆరు నెలలు ఇటాలియన్ నేర్పాను కానీ, ఆ దేశంలో ఇంకెన్ని భాషలున్నాయో ఒక్క మాట కూడా చెప్పకుండా పంపించాను.

హైదరాబాద్‌లో 12 ఏళ్ళుగా ఇటాలియన్ నేర్పుతున్నాను. అంతకు ముందు ఈశాన్య ఇటలీలోని ఊదినే అనే ఊళ్ళో ఉండి భాషాశాస్త్రం చదువుకున్నాను. ఇన్నేళ్ళలో స్టూడెంట్స్ దగ్గర, వాళ్ళ అమ్మానాన్నల దగ్గర, ఒక్కోసారి ఇటాలియన్ల దగ్గరే విన్న అపోహలు ఇవి.

అపోహ: ఇటలీలో పుట్టినవాళ్ళందరి మాతృభాష ఇటాలియన్.

బోల్జానో ఉన్న ప్రాంతాన్ని సౌత్ టిరోల్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా అది ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది, యుద్ధం తర్వాత ఇటలీకి దక్కింది. జర్మన్ మాట్లాడే ఆ జనం ఎక్కడినుంచో వలస రాలేదు. వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, దేశం సరిహద్దు మారింది. 1923 నుంచి ఫాసిస్టు ప్రభుత్వం బళ్ళలో జర్మన్ చదువు తీసేస్తే, ఊళ్ళలో ఇళ్ళ తలుపులు వేసుకుని పిల్లలకి రహస్యంగా అక్షరాలు దిద్దించారు. తొలినాళ్ళ క్రైస్తవుల నేలమాళిగల పేరు మీద వాటిని కాటకోంబ్ బళ్ళు అంటారు. 1946లో ఇటలీ, ఆస్ట్రియా ఒప్పందం చేసుకున్నాయి. 1972లో ఆ ప్రాంతానికి విస్తృతమైన స్వయంపాలన వచ్చింది. ఇప్పుడు అక్కడ సర్కారు ఉద్యోగం కావాలంటే రెండు భాషలూ వచ్చినట్టు రుజువు చూపించాలి. పదిమందిలో ఇంచుమించు ఏడుగురు జర్మన్ మాట్లాడేవాళ్ళు. కొన్ని కొండ లోయల్లో లదీన్ అనే మూడో భాష కూడా ఉంది. ఆ లోయల బళ్ళలో పాఠాలు సగం ఇటాలియన్‌లో, సగం జర్మన్‌లో చెప్తారు, లదీన్ కూడా నేర్పుతారు.

1948లో అమల్లోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగం ఆరో అధికరణంలో భాషాపరమైన మైనారిటీలను కాపాడతామని రాసుకుంది. ఆ మాటకి దేశమంతటికీ వర్తించే చట్టం రావడానికి మాత్రం 1999 డిసెంబరు దాకా పట్టింది. ఆ 482వ నంబరు చట్టంలో 12 భాషాసమూహాల పేర్లున్నాయి: అల్బేనియన్, కటలాన్, జర్మానిక్ మాటలు, గ్రీకు, స్లొవీన్, క్రొయేషియన్, ఫ్రెంచ్, ఫ్రాంకో-ప్రొవెన్సాల్, ఫ్రియులియన్, లదీన్, ఆక్సితాన్, సార్డీనియన్. యూరప్‌లో ఒకే దేశం లోపల ఇంత వైవిధ్యం ఉన్నచోట్లు అరుదు.

అపోహ: మిగతావన్నీ ఇటాలియన్ యాసలే. మనకి తెలంగాణ, రాయలసీమ యాసలున్నట్టు.

అన్నింటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇటాలియన్‌లో దియాలెత్తో అనే మాట ఉంది. నేను చేసిన మొదటి అనువాదంలో దాన్ని "యాస" అని రాసేశాను. తప్పు.

రాయలసీమ మాట, తెలంగాణ మాట, కళింగాంధ్ర మాట అన్నీ తెలుగే. ఒకే చెట్టు కొమ్మలు. సిసిలియన్, నాపొలితాన్, వెనీషియన్, లొంబార్డ్, పియెమోంతేసే మాత్రం ఇటాలియన్‌లోంచి పుట్టలేదు. ఇటాలియన్ ఎలా లాటిన్‌లోంచి వచ్చిందో, అవీ అలాగే, అదే కాలంలో, లాటిన్‌లోంచి నేరుగా వచ్చాయి. అవి ఇటాలియన్‌కి అక్కచెల్లెళ్ళు. మన దగ్గర పోలిక కావాలంటే గోండి వైపు చూడాలి. గోండి, తెలుగు ఒకే శాఖకి చెందిన ద్రావిడ భాషలు. గోండిని "తెలుగు యాస" అంటే ఎంత తప్పో, సిసిలియన్‌ని ఇటాలియన్ యాస అనడం అంత తప్పు.

మరి ఇటాలియన్ ఎక్కడిది? ఫ్లోరెన్స్ నగరంలో 14వ శతాబ్దంలో రాసుకున్న భాష. దాంతే, పెత్రార్కా, బొక్కాచ్చో రాసిన భాష. 1525లో పియెత్రో బెంబో అనే పండితుడు, రాసేవాళ్ళందరికీ ఆ ఫ్లోరెన్స్ భాషే ప్రమాణం కావాలని వాదించి గెలిచాడు. ఆయన ఫ్లోరెన్స్ వాడు కూడా కాదు, వెనిస్ వాడు. 1612లో ఆ భాషకి క్రుస్కా అనే పండితుల అకాడమీ నిఘంటువు వచ్చింది. అదంతా పుస్తకాల్లో భాష. 1861లో దేశం ఒక్కటైనప్పుడు రెండున్నర కోట్ల జనంలో ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు 6 లక్షలు, అంటే నూటికి రెండున్నర అని భాషాశాస్త్రవేత్త తుల్లియో దె మౌరో లెక్కగట్టారు. అర్రీగో కాస్తెల్లాని అనే మరో పండితుడు ఆ లెక్క బాగా తక్కువని, దాదాపు పదిశాతం ఉండొచ్చని అన్నారు. పెద్ద అంకెనే తీసుకున్నా, నూటికి తొంభై మంది ఇళ్ళలో వినిపించింది వేరే భాషలే.

నిర్బంధ చదువు, సైన్యం, ఫ్యాక్టరీ పనుల కోసం దక్షిణం నుంచి ఉత్తరానికి వలస, 1954లో మొదలైన టీవీ, ఇవన్నీ కలిసి ఇటాలియన్‌ని ఇంటింటికీ తెచ్చాయి. 1960 నుంచి 1968 దాకా అల్బెర్తో మాంజి అనే బడిపంతులు టీవీలో పెద్దవాళ్ళకి చదవడం, రాయడం నేర్పాడు. లక్షల మంది ఆయన దగ్గరే అక్షరాలు దిద్దారు. ఆ పనిని నేను మనసారా గౌరవిస్తాను. ఒక భాష నేర్చుకోవడంలో నష్టం లేదు. ఇంటి భాషని తక్కువ చేసి చూడటం మొదలయ్యాకే నష్టం జరిగింది.

అపోహ: ఇటలీ మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి. అందుకే తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నారు.

ప్రామాణిక ఇటాలియన్ వరకూ ఇది చాలామటుకు నిజం. మన అజంత భాషతో పోల్చినందుకు సంతోషించడంలో తప్పేమీ లేదు. కానీ ఇటలీ భాషలన్నీ అలా ఉండవు.

పాలనే తీసుకోండి. ఇటాలియన్‌లో లాత్తె. కాఫీ షాపులో లాటే అంటాం కదా, అదే. సిసిలియన్‌లో లాత్తి. పియెమోంతేసేలో లాయ్త్. ఫ్రియులియన్‌లో లాత్. ఉత్తరాదికి వెళ్ళేకొద్దీ చివరి అచ్చు రాలిపోతుంది.

15వ శతాబ్దంలో విజయనగరం చూసిన నికోలో కాంటీ తెలుగు గురించి ఆ మాట అన్నాడని మనం చెప్పుకుంటాం. ఆయనది వెనిస్ పక్కనున్న కియోజ్జా. ఆ పక్కనున్న వెనిస్‌లో రొట్టెని పాన్ అంటారు, ద్రాక్షసారాని వీన్ అంటారు, పాడటాన్ని కంతార్ అంటారు. మూడూ హల్లుతోనే ముగుస్తాయి. అచ్చుల తీపికి పేరుపడిన ఇటాలియన్ ఆ ఇంటి భాష కాదు. మనందరికీ తెలిసిన "చావ్" అనే పలకరింపు కూడా వెనీషియన్‌దే. దాసుడు అనే అర్థమున్న మాటలోంచి వచ్చింది. "మీ దాసుణ్ణి" అని చెప్పే మర్యాద కాస్తా అరిగి అరిగి హాయ్, బై అంత చిన్నదైంది.

ఇంకో సంగతి చెప్తే నా స్టూడెంట్స్ ముఖాలు వెలుగుతాయి. అందమైన అనడానికి ఇటాలియన్‌లో బెల్లో, సిసిలియన్‌లో బెడ్డు. ఆ "డ్డ" నాలుక మడిచి పలికే మన మూర్ధన్యాక్షరం లాంటిదే. సార్డీనియన్‌లో కూడా అది ఉంది. మిలాన్ వాళ్ళకి నోరు తిరగని ఆ శబ్దాన్ని వరంగల్ పిల్లలు మొదటిసారే పలుకుతారు.

అపోహ: ఇటాలియన్ కాని ఈ భాషలకి సాహిత్యం లేదు.

ఇటలీ పాట అనగానే అందరూ పాడేది "ఓ సోలే మియో". 1898 నాటి ఆ పాట ఇటాలియన్‌లో లేదు, నాపొలితాన్‌లో ఉంది. మొదట్లోని "ఓ" కూడా పిలుపు కాదు, నామవాచకం ముందు వచ్చే నాపొలితాన్ పదం. ఇటాలియన్‌లో అయితే అక్కడ "ఇల్" ఉండాలి.

దాంతే పుట్టకముందే 13వ శతాబ్దంలో సిసిలీలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో సిసిలియన్ కవిత్వం వెలిసింది. ప్రపంచమంతా వాడుతున్న సానెట్ అనే ఛందోరూపం ఆ కొలువులోని జాకొమో దా లెంతీని చేతుల్లో పుట్టిందని పండితుల మాట. 17వ శతాబ్దంలో జంబాత్తిస్తా బాసిలే సిండరెల్లా కథని నాపొలితాన్‌లోనే రాశాడు, ఫ్రెంచివాళ్ళు రాయడానికి అరవై ఏళ్ళ ముందే.

అపోహ: అల్బేనియన్, గ్రీకు మాట్లాడేవాళ్ళు ఈమధ్య పని కోసం వచ్చినవాళ్ళు.

ఈమధ్య వచ్చినవాళ్ళూ ఉన్నారు. కానీ చట్టం చెప్పే అల్బేనియన్లు వేరు. ఒట్టోమన్ సైన్యాలు బాల్కన్‌లోకి చొచ్చుకొచ్చినప్పుడు, వాళ్ళని ఎదిరించిన అల్బేనియా నాయకుడు స్కాందెర్‌బెగ్ 1468లో చనిపోయాక, గుంపులు గుంపులుగా సముద్రం దాటి దక్షిణ ఇటలీకి వచ్చారు. వాళ్ళని ఆర్బరేష్ అంటారు. పాలెర్మో దగ్గర పియానా దెల్యి ఆల్బనేజి అనే ఊరు 1488లో కట్టుకున్నారు. చర్చి ఆరాధన నేటికీ తూర్పు క్రైస్తవుల బైజాంటైన్ పద్ధతిలోనే. అల్బేనియా మారిపోయింది, వీళ్ళ మాటలో మాత్రం ఆనాటి రూపాలు కొన్ని మిగిలి ఉన్నాయి.

బూటు ఆకారంలో ఉండే ఇటలీకి మడమ లాంటి భాగంలో, లెచ్చే దగ్గర కొన్ని ఊళ్ళలో గ్రీకో అనే గ్రీకు మాట ఉంది. ఒక ఊరి పేరు కలిమేరా, గ్రీకులో శుభోదయం చెప్పే మాటలాగే వినిపిస్తుంది. వీళ్ళు క్రీస్తు పూర్వం వచ్చిన గ్రీకుల వారసులా, బైజాంటైన్ కాలంలో వచ్చినవాళ్ళా అని పండితులు వందేళ్ళకి పైగా వాదించుకుంటున్నారు. సార్డీనియా దీవిలోని అల్గేరో ఊరిని 1354లో స్పెయిన్ వైపు ఆరగాన్ రాజు పట్టుకుని కటలాన్ జనాన్ని దింపాడు, వాళ్ళ భాష ఇంకా అక్కడ వినబడుతుంది. మొలీజేలో మూడు పల్లెల్లో పాత క్రొయేషియన్ బతికి ఉంది. దాన్ని వాళ్ళు "నా నషు" అంటారు, అంటే మన మాటలో అని.

కలాబ్రియాలోని గ్వార్దియా పియెమోంతేసే గురించి చెప్పకుండా ఉండలేను. ఆల్ప్స్ లోయల నుంచి వచ్చి స్థిరపడిన, కాథలిక్ చర్చి దారిని కాదన్న వాల్డెన్సియన్ క్రైస్తవులది ఆ ఊరు. 1561లో మతం పేరుతో వాళ్ళని ఊచకోత కోశారు. ఊరి ద్వారానికి ఇప్పటికీ రక్తపు ద్వారం అనే పేరు. అంత జరిగినా, వాళ్ళ ఆక్సితాన్ మాట ఆ కొండ మీద పూర్తిగా ఆరిపోలేదు.

అపోహ: చట్టం వచ్చింది కాబట్టి అన్ని భాషలకీ రక్షణ ఉంది.

లేదు. సిసిలియన్, నాపొలితాన్, వెనీషియన్, లొంబార్డ్ ఆ 12లో లేవు. రోమా జనం మాట్లాడే రోమానీ కూడా లేదు. సార్డీనియా పక్కనున్న చిన్న దీవిలో కార్లోఫోర్తే అనే ఊరుంది. ట్యునీషియా తీరంలోని తబర్కా నుంచి 1738లో వచ్చిన జెనోవా జాలర్ల ఊరు. చుట్టూ సార్డీనియన్, మధ్యలో జెనోవా వైపు భాష లిగూరియన్. భాషా ద్వీపం అంటే ఇదే. కానీ లిగూరియన్ జాబితాలో లేదు కాబట్టి జాతీయ చట్టంలో వాళ్ళకి చోటు దొరకలేదు. వెనిస్ ఉన్న వెనెతో ప్రాంతం నుంచి బ్రెజిల్ వెళ్ళినవాళ్ళ మాటని తాలియాన్ అంటారు. 2014లో బ్రెజిల్ దాన్ని తన సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. దాని తల్లి వెనీషియన్‌కి ఇటలీ చట్టంలో ఆ గుర్తింపు లేదు. ప్రాంతీయ, మైనారిటీ భాషల యూరోపియన్ ఒడంబడిక మీద ఇటలీ 2000లో సంతకం చేసింది, ఆమోదముద్ర మాత్రం వేయలేదు.

అపోహ: ఇంట్లో స్థానిక భాష మాట్లాడితే పిల్లలకి ఇటాలియన్ సరిగా రాదు.

ఇటలీ గణాంక సంస్థ ఇస్తాత్ 2015 లెక్కల ప్రకారం, ఇంట్లో ప్రధానంగా స్థానిక భాష మాట్లాడేవాళ్ళు నూటికి 14 మంది. రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు 32 మంది. ముసలివాళ్ళలో ఎక్కువ, పిల్లల్లో తక్కువ. ఆ తగ్గుదలకి పెద్ద కారణం ఈ భయమే. రెండు భాషలతో పెరిగిన పిల్లలు రెండింటినీ నేర్చుకుంటారు. సౌత్ టిరోల్‌లో, లదీన్ లోయల్లో రోజూ కనిపించేది అదే. హైదరాబాద్‌లో తల్లులు తెలుగు గురించి ఇదే భయం నాతో చెప్పుకుంటారు. వాళ్ళకీ ఇదే జవాబు.

సార్డీనియాలో పుట్టి తూరిన్‌లో భాషాశాస్త్రం చదివిన కమ్యూనిస్టు నాయకుడు అంతోనియో గ్రాంషీ, ముస్సోలినీ జైల్లోంచి 1927 మార్చిలో చెల్లెలు తెరెసీనాకి ఉత్తరం రాశాడు. నీ కొడుకు సార్డీనియన్‌లో మాట్లాడితే మాట్లాడనివ్వండి, అందుకు వాణ్ణి బాధపెట్టకండి, మేనకోడలు ఎద్మేయాని చిన్నప్పుడు స్వేచ్ఛగా సార్డీనియన్ మాట్లాడనివ్వకపోవడం నాకు సంబంధించినంత వరకు పొరపాటే అని అందులో చెప్పాడు. క్లాసులో అది చదివి వినిపించేటప్పుడు నా గొంతు వణుకుతుంది.

ఊదినేలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆవిడ వాళ్ళ అక్కతో ఫోన్లో ఫ్రియులియన్ మాట్లాడేది. నేను వింటున్నానని తెలిస్తే గొంతు తగ్గించేది. "ఇది భాష కాదమ్మా, మా పల్లె మాట. నువ్వు ఇటాలియన్ నేర్చుకో" అనేది. చిన్నప్పుడు బడిలో ఆ మాట నోట వస్తే టీచరు మూల నిలబెట్టేదట. ఇప్పుడు అక్కడ బళ్ళలో చేర్చేటప్పుడు ఫ్రియులియన్ కావాలా అని తల్లిదండ్రుల్ని అడుగుతారు. వాళ్ళ కూతురు "కావాలి" అని రాసింది. ఆవిడకి మాట్లాడటం వచ్చు కానీ రాయడం ఎవరూ నేర్పలేదు, ఇప్పుడు మనవడి నోటుబుక్కులో చూసి నేర్చుకుంటోంది. పోయిన వేసవిలో ఫోన్ చేసి, సీతాకోకచిలుకకి ఇటాలియన్‌లో ఫార్ఫల్లా కదా, మాకు పవేఎ, చివర రెండు "ఎ"లు రాయాలట, అని చెప్పింది. గొంతు తగ్గించలేదు.