స్పీకర్ ఆన్ చేసి ఇచ్చే జవాబులు: సర్వేలపై అపోహలు - వాస్తవాలు

ఇంటింటి సర్వేల్లో పదమూడేళ్లయింది. ముందు ఇళ్లకెళ్లి ప్రశ్నలడిగి రాసుకొచ్చే ఎన్యూమరేటర్‌ని, ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు వినబడతాయి.

అపోహ: ప్రశ్న మారకపోతే జవాబూ మారదు.

వాస్తవం: మారుతుంది. 2014లో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ తన ప్యానెల్ సభ్యులను, అంటే తన సర్వేలకు మళ్లీ మళ్లీ జవాబిచ్చేవాళ్లను, లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, అవే ప్రశ్నలు ఒక గుంపుకు ఫోన్లో, రెండో గుంపుకు ఇంటర్నెట్‌లో వేసింది. కుటుంబ జీవితం చాలా తృప్తిగా ఉందన్నవాళ్లు ఫోన్లో 62 శాతం, ఇంటర్నెట్‌లో 44 శాతం. అవతల మనిషి గొంతు వినబడుతుంటే ఇంటి గుట్టు ఎవరు విప్పుతారు?

అపోహ: ఎదురుగా కూర్చుని అడిగితే నిజం రాక తప్పదు.

వాస్తవం: ఎదురుగా ఉండేది మనమొక్కరమే అయితే కదా! గడపలో అత్తగారు, ప్రహరీ మీదుగా పక్కింటావిడ. ఒకసారి "మీ ఆయన మందు తాగుతారా అమ్మా?" అని అడిగితే, "మావాడికి ఆ అలవాటే లేదు" అని అత్తగారు అందుకున్నారు. కోడలు తలూపింది. అత్తగారు మంచినీళ్లు తేవడానికి లోపలికెళ్లగానే, "అప్పుడప్పుడు అని రాసుకోండక్కా" అంది కోడలు మెల్లగా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలు ఇంటికొక్క మహిళనే, అదీ ఏకాంతం దొరికితేనే అడగాలన్న నియమం ఊరికే పెట్టలేదు.

అపోహ: ఫోనైతే మొహం కనబడదు, ధైర్యంగా చెప్తారు.

వాస్తవం: ఇంతకీ ఫోన్ ఎవరిది? 2019-21 నాటి అదే సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉందన్న మహిళలు దేశం మొత్తమ్మీద 54 శాతమే. మిగతావాళ్ల కోసం భర్తకో కొడుక్కో చేయాలి. ఆయన స్పీకర్ ఆన్ చేసి మరీ ఇస్తాడు. అందుకే ఫోన్లో అయితే, అవతలివాళ్లు అవును, కాదు అంటే సరిపోయేలా ప్రశ్నలు అడగమని మావాళ్లకు చెప్తాను. స్పీకర్ లేకపోతే పక్కనున్నవాళ్లకు ప్రశ్న తెలియదు. జవాబుల జాబితా చదివి వినిపించినా చిక్కే: చెవికి చివరిది గుర్తుంటుంది, అదే కాగితం మీదైతే కన్ను మొదటిదాని మీద ఆగుతుంది.

అపోహ: ట్యాబ్‌లు వచ్చాక ఈ బెడద తీరింది.

వాస్తవం: ట్యాబ్ ఆపేది ప్రశ్న దాటేయడాన్ని, లెక్క పొసగని వయసుల్ని. అడిగేది మళ్లీ మనిషే. హెడ్‌ఫోన్లో ప్రశ్న విని జవాబు తామే నొక్కుకునే పద్ధతి వేరు, అక్కడ సిగ్గు కొంత తగ్గుతుంది.

అపోహ: బ్యాక్ చెక్‌లో, అంటే అవే ప్రశ్నలు మళ్లీ అడిగి సరిచూసేటప్పుడు, జవాబు తేడా వచ్చిందంటే ఎన్యూమరేటర్ తనింట్లో కూర్చుని నింపాడు.

వాస్తవం: నేనూ అలాగే అనుకుని ఒక కుర్రాడి డబ్బులు ఆపించాను. అతను ఇళ్లకెళ్లి అప్పుల గురించి రాసుకొచ్చాడు, మేం ఫోన్ చేస్తే "అప్పుల్లేవండీ" అన్నారు. చివరికి నేనే ఆ ఇళ్లకు వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వడ్డీతో సహా అతను రాసిందే చెప్పారు. "ఫోన్లో బ్యాంకువాళ్లేమో అనుకున్నాం మేడం" అన్నాడొకాయన.