మ్యాప్‌లో ఖాళీ ఉంటే నేల మీదా ఖాళీయేనా? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాపై అపోహలు - వాస్తవాలు

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఎవరైనా మార్చగల ఉచిత ప్రపంచ మ్యాప్. అందులో ఉన్న ప్రతి గీతా ఎవరో ఒకరు గీసిందో, వేరే డేటా నుంచి ఎక్కించిందో. ఎవరూ ఎక్కించనిది అందులో ఉండదు. ఈ డేటాతో చేసే విశ్లేషణల్లో, దారి లెక్కల్లో, సహాయ పంపిణీలో దొర్లే పెద్ద తప్పులు చాలావరకు ఈ రెండో మాట మరిచిపోవడం వల్లే వస్తాయి.

అపోహ: మ్యాప్‌లో ఇళ్లు లేకపోతే అక్కడ జనం లేనట్టే.

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చేనాటికి పోర్ట్-ఓ-ప్రిన్స్ మ్యాప్‌లో పెద్ద రోడ్లు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే వలంటీర్లు శాటిలైట్ చిత్రాలు చూసి దాదాపు వీధులన్నీ గీశారు. ఆ వీధులు జనవరి 11న కూడా అక్కడే ఉన్నాయి, మ్యాప్‌లోకి మాత్రం అప్పటికి రాలేదు.

అందుకే విశ్లేషణకు ముందు మ్యాప్ ఎంతవరకు నిండిందో కొలవాలి. ప్రాంతాన్ని కిలోమీటరు గళ్లుగా విడగొట్టి, పట్టణం, పల్లె, కొండ ప్రాంతం అని వేరుచేసి, ఒక్కో రకం నుంచి కనీసం 30 గళ్లు లాటరీ పద్ధతిలో తీయండి. శాటిలైట్ చిత్రంలో కనిపించే ఇళ్లను లెక్కపెట్టి మ్యాప్‌లోని సంఖ్యతో పోల్చండి. అన్నీ కలిపి సగటు తీస్తే పట్టణం అంకె పల్లె లోటును కప్పేస్తుంది. ఇళ్లు తిన్నని గీత గీసినట్టు ఒక్కచోట ఆగిపోతే అనుమానించండి. అది ఊరి పొలిమేర అయ్యుండదు, వలంటీర్లకు పంచిన పని గడి అంచు అయ్యుంటుంది. ఓసమ్ లాంటి సాధనాలు ఏ నెలలో ఎన్ని భవనాలు చేరాయో గ్రాఫ్‌గా చూపిస్తాయి. గ్రాఫ్ పెరగడం ఆగి అడ్డంగా సాగితే పని పూర్తయిందని అనుకుంటారు. ఎవరూ మళ్లీ అటు చూడకపోయినా గ్రాఫ్ అలాగే ఉంటుంది, కాబట్టి గళ్ల లెక్క లేకుండా దాన్ని నమ్మకూడదు.

అపోహ: తెర మీద రెండు రోడ్లు కలిస్తే దారి ఉన్నట్టే.

దారి లెక్కగట్టే ప్రోగ్రామ్, అంటే రూటింగ్ ఇంజిన్, బొమ్మను చూడదు. రెండు రోడ్లకు ఉమ్మడి నోడ్ (మ్యాప్‌లోని బిందువు) ఉంటేనే దానికి కూడలి. చిత్రం చూసి గీసేటప్పుడు రోడ్డు చివర అరమీటరు ముందే ఆగిపోవడం, ఒక రోడ్డు మరో రోడ్డు మీదుగా నోడ్ లేకుండా వెళ్లిపోవడం చాలా మామూలు. మ్యాప్‌ను దిద్దే జోసమ్ ఎడిటర్‌లో తప్పులు వెతికే వాలిడేటర్ ఈ రెండింటినీ పట్టుకుంటుంది. అయితే దొరికిన ప్రతి చోటా కళ్లు మూసుకుని నోడ్ కలిపేస్తే వంతెన పైరోడ్డుకూ కింది రోడ్డుకూ కూడలి పుడుతుంది. కలిపే ముందు చిత్రం చూడాల్సిందే.

ఇంతకంటే ప్రమాదకరమైనది కనపడకుండా జరుగుతుంది. మీరిచ్చిన ఊరి దగ్గరి రోడ్డు మిగతా రోడ్ల వలతో కలవకపోతే, ఓఎస్‌ఆర్‌ఎమ్ అనే రూటింగ్ ఇంజిన్ దాన్ని వదిలేసి, పెద్ద వలలో దగ్గరున్న రోడ్డుకు మీ బిందువును జరిపి మరీ దారి చెప్పగలదు. ఆ రోడ్డు నదికి అవతలి ఒడ్డున ఉన్నా జవాబు మాత్రం చక్కగా వస్తుంది. జవాబులో ప్రతి బిందువుకూ ఎన్ని మీటర్లు జరిపిందో ఉంటుంది. ఆ అంకెను తప్పకుండా చదవండి. 300 మీటర్లు దాటినవన్నీ విడిగా తీసి చూడండి, లేదా ఎంత దూరం వరకు జరపవచ్చో అభ్యర్థనలోనే హద్దు పెట్టండి. అక్షాంశం, రేఖాంశం తారుమారైనా ఇక్కడే బయటపడుతుంది: ఓఎస్‌ఆర్‌ఎమ్‌కు రేఖాంశమే ముందు ఇవ్వాలి.

అపోహ: కారు ప్రొఫైల్‌తో వచ్చిన సమయం సహాయ లారీకీ సరిపోతుంది.

ప్రొఫైల్ అంటే ఆ వాహనం ఏ రోడ్డు మీద ఎంత వేగంతో వెళ్తుందో చెప్పే నియమాల ఫైలు. ట్యాగ్ (మ్యాప్‌లోని వస్తువుకు తగిలించే వివరం) లేనప్పుడు ఇంజిన్ ఏమనుకుంటుందో తెలుసుకోవాలి. వంతెనకు బరువు పరిమితి ట్యాగ్ లేకపోతే, లారీ ప్రొఫైల్ కూడా పరిమితే లేదని అనుకుంటుంది. రోడ్డు ఉపరితలం ట్యాగ్ లేకపోతే రోడ్డు తరగతిని బట్టే వేగం వేస్తుంది. ఓఎస్‌ఆర్‌ఎమ్ కారు ప్రొఫైల్ 'ట్రాక్' (పొలం, అడవి దారి) తరగతిని మామూలుగా లెక్కలోకి తీసుకోదు. ఊరికి ఉన్న ఒక్క దారినీ ఎవరో ట్రాక్‌గా గీస్తే ఆ ఊరు చేరలేని ఊళ్ల జాబితాలో పడుతుంది. ప్రొఫైల్ ఫైలులో ట్రాక్‌కు గంటకు 10 నుంచి 15 కిలోమీటర్ల వేగం ఇచ్చి, మ్యాప్ ఫైలు నుంచి రోడ్లను తీసే ఎక్స్‌ట్రాక్ట్ దశ నుంచి మళ్లీ నడిపించండి. తర్వాత ఆ ప్రాంతపు డ్రైవర్లు చెప్పే సమయాలతో పది దారులైనా సరిచూడండి.

వరదలో మునిగిన రోడ్డును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చెరిపేయవద్దు. నాలుగు రోజుల మూసివేత మీ సొంత పొరలోనే ఉండాలి. ఓపెన్‌రూట్‌సర్వీస్, వాల్‌హల్లా అనే రూటింగ్ ఇంజిన్లు రెండూ అభ్యర్థనతో పాటు పాలిగాన్ (ప్రాంతపు హద్దు గీత) ఇస్తే ఆ ప్రాంతాన్ని తప్పించి దారి వెతుకుతాయి.

అపోహ: ఆసుపత్రులు ఎన్నో ఒక్క క్వెరీతో తేలిపోతుంది.

ఒకే ఆసుపత్రి ఒక చోట నోడ్‌గా, మరోచోట ప్రాంగణపు గీతగా, లోపలి భవనాలకు విడివిడి ట్యాగులుగా ఉండొచ్చు. నోడ్‌లే అడిగితే తక్కువ వస్తాయి, అన్నీ అడిగితే ఎక్కువ వస్తాయి. ఈ డేటాను వెతికే ఓవర్‌పాస్ సేవలో నోడ్, వే (గీత), రిలేషన్ (వాటిని కలిపిన గుంపు) మూడూ అడిగి, ప్రాంగణం లోపల పడే నోడ్‌లను తీసేసి, మిగిలినవాటిలో 100 మీటర్లలోపు ఒకే పేరున్నవి కలపండి. ఐడీని శాశ్వత గుర్తుగా వాడొద్దు. ఎవరైనా నోడ్‌ను తీసేసి భవనం గీస్తే పాత ఐడీ పోతుంది.

అపోహ: ఎవరైనా మార్చగల డేటా నమ్మదగ్గది కాదు.

ప్రతి మార్పుకూ చరిత్ర ఉంటుంది, చెడగొట్టినదాన్ని వెనక్కి తిప్పవచ్చు. తరచూ ఇబ్బంది పెట్టేది కొత్తవాళ్ల పొరపాట్లే. ప్రాంతపు ఫైలును ఒక తేదీ దగ్గర ఆపి, తనిఖీ చేసి, ఆ తేదీని ప్రతి నివేదికలోనూ రాయండి.

అపోహ: శాటిలైట్ చిత్రం ఉంటే దూరం నుంచే అంతా చేయవచ్చు.

పైకప్పు కనిపిస్తుంది. అది బడా, గోదామా అన్నది చాలాసార్లు తెలియదు. పైకప్పు నిలిచి కింది అంతస్తు కుంగిన భవనం పై నుంచి క్షేమంగానే ఉన్నట్టుంటుంది. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25 భూకంపానికి ముందే కాఠ్‌మాండు లోయలో స్థానికులు బడులు, ఆసుపత్రుల వివరాలు చేర్చి ఉంచారు. ఆపద రోజున ఆ పని సాధ్యం కాదు. పేర్లు, మంచినీటి చోట్లు, ఏ కాలంలో ఏ దారి మూసుకుపోతుందన్న సంగతి స్థానికులే చెప్పగలరు. అయితే తలదాచుకున్న కుటుంబాల వివరాలు, దాడికి గురయ్యే అవకాశం ఉన్న ఆశ్రయాలు ఈ బహిరంగ మ్యాప్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. చెరిపినా చరిత్రలో మిగిలిపోతాయి.

అపోహ: ఉచితం కాబట్టి షరతులు లేవు.

2012 నుంచి ఈ డేటాకు ఓడీబీఎల్ (ఓపెన్ డేటాబేస్ లైసెన్సు) ఉంది. మ్యాప్ బొమ్మ మీద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్ల పేరు ఉండాలి. ఈ డేటా నుంచి తయారుచేసిన డేటాబేస్‌ను బయట వాడుకకు పెడితే దాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఇతర వాణిజ్య మ్యాపులు చూసి ఇందులోకి పేర్లు ఎక్కించకూడదు. ఉచిత సర్వర్లకూ హద్దులున్నాయి: చిరునామాలు వెతికే నామినాటిమ్ బహిరంగ సర్వర్‌ను సెకనుకు ఒక్కసారి మించి అడగకూడదు. వేల చిరునామాలు వెతకాలంటే సొంత సర్వర్ పెట్టుకోండి. ఇంటర్నెట్ లేని చోటికి వెళ్లే బృందానికి బయల్దేరే ముందే ఓఎస్‌ఎమ్‌అండ్ లాంటి యాప్‌లో ఆ ప్రాంతపు ఫైలు దించి, ఫోన్ డేటా ఆపేసి ఒకసారి దారి వెతికించి చూడండి.