దగ్గరికెళ్తే మాయమయ్యే ముక్కు

ఫోన్‌లో అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ వేసిన ‘రాయ్ II’ అనే పెయింటింగ్ తీయండి. చిన్నగా ఉన్నంతసేపూ అది పక్కకి తిరిగి ఉన్న ఒక పెద్దాయన ముఖం. ముక్కు, గడ్డం అన్నీ తెలుస్తాయి. ఇప్పుడు ముక్కు దగ్గర రెండు వేళ్లు పెట్టి పెద్దది చేస్తూ పోండి. కాసేపటికి ముక్కు పోతుంది. అక్కడ మిగిలేవి ఏటవాలు గళ్లు, ఒక్కో గడిలో ఒకదాని లోపల ఒకటిగా రంగురంగుల సున్నాలు, కోడిగుడ్డు ఆకారాలు. మళ్లీ చిన్నది చేస్తే ముక్కు తిరిగొస్తుంది. సరిగ్గా ఎక్కడ పోతోందో పట్టుకుందామని నేను చాలాసార్లు ప్రయత్నించాను. దొరకలేదు.

1994లో క్లోజ్ వేసిన ఈ ముఖం తోటి చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్‌ది. కామిక్ పుస్తకాల అచ్చులో కనిపించే చుక్కలను పెద్దపెద్ద కాన్వాసుల మీదికి తెచ్చి పేరు పొందినవాడు ఆయన. చుక్కలవాడి ముఖాన్ని గళ్లవాడు వేశాడన్నమాట. కాన్వాసు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు. వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియంలో ఉంది.

గళ్ల పద్ధతి మనకి కొత్తది కాదు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా హోర్డింగులు వేసే ఆర్టిస్టులు స్టిల్ మీద గళ్లు గీసి, బట్ట మీద అవే గళ్లు పెద్దవిగా గీసుకుని, గడి తర్వాత గడి నింపుకుంటూ హీరో ముఖాన్ని పైకి లేపేవారు. బొమ్మ పూర్తయ్యాక గళ్లు రంగు కింద పడిపోతాయి. క్లోజ్ కూడా మొదట్లో అంతే. 1969లో తన స్నేహితుడు, సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్ ముఖాన్ని తొమ్మిదడుగుల ఎత్తున వేశాడు. పల్చగా కలిపిన నల్లరంగుని ఎయిర్‌బ్రష్‌తో చల్లి, ఫొటోలో ఉన్న ప్రతి వెంట్రుకనీ దించాడు. గళ్లు ఎక్కడా కనబడవు. ఆయన్ని ఫొటోరియలిస్ట్ అనడం అప్పుడే మొదలైంది. ఆ ముద్ర ఆయనకి నచ్చేది కాదు. తర్వాత తర్వాత గళ్లను దాచడం మానేశాడు. నా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం అక్కడ మొదలైంది.

అన్నిటికంటే నన్ను కదిలించేది ఇంకొకటుంది. జీవితమంతా ముఖాలే వేసిన ఈయన ముఖాలు గుర్తుపట్టలేకపోయేవాడు. దీన్ని ప్రొసోపాగ్నోసియా అంటారు. కంటిచూపు బాగానే ఉంటుంది. కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా తెలుస్తూనే ఉంటాయి. వాటన్నిటినీ కలిపి “ఇది ఫలానావాళ్లు” అని చెప్పే పని మాత్రం జరగదు. మెదడు అడుగుభాగంలో ఫ్యూసిఫార్మ్ జైరస్ అనే మడతకి ఈ పనితో దగ్గరి సంబంధం ఉంది. ఎదుటి మనిషి తల అర అంగుళం కదిలితే చాలు, అది తనకి కొత్త ముఖమేనని క్లోజ్ చెప్పుకునేవాడు. ఫొటోలో ముఖం కదలదు. బల్లపరుపుగా, గళ్లుగా మారిన ముఖం ఆయన జ్ఞాపకంలో నిలిచిపోయేది.

మరి మనకి గళ్లలోంచి ముఖం ఎలా వస్తోంది? 1973లో లియోన్ హార్మన్, బేలా జూలెజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అబ్రహాం లింకన్ ఫొటోని ముతక చదరాలుగా మార్చి చూపించారు. దగ్గర్నుంచి చూస్తే చదరాలే. దూరం జరిగినా, కళ్లు సగం మూసినా లింకన్! ముఖానికి కావలసిన సమాచారం ఆ చదరాల్లో ముందునుంచీ ఉంది. చదరాల పదునైన అంచులు దాన్ని కప్పేస్తున్నాయి. చూపు మసకబారితే అంచులు పోతాయి, ముఖం మిగులుతుంది. క్లోజ్ రంగుల విషయమూ ఇలాంటిదే. దగ్గర్లో నారింజ, నీలం, గులాబీ దేనికదే. దూరం నుంచి అన్నీ కలిసిపోయి చర్మం రంగు.

1999లో న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన డెనిస్ పెల్లీ, క్లోజ్ చిత్రాలతోనే ఒక పరిశోధన చేశాడు. చూసేవాళ్లను ముందుకీ వెనక్కీ నడిపించి, ముక్కు ఉబ్బెత్తుగా కనబడటం ఎంత దూరంలో ఆగిపోయి ఉత్త గళ్లుగా మారుతోందో కొలిచాడు. వస్తువు దగ్గరున్నా దూరమున్నా దాని ఆకారాన్ని ఒకేలా గుర్తుపడతామని అప్పటిదాకా ఉన్న నమ్మకం. ఇక్కడ అలా జరగలేదు. గడి కంటికి ఎంత పెద్దగా కనబడుతోందన్నదే తేల్చింది. గడి పెద్దదైతే ముక్కు కోసం అంత వెనక్కి జరగాలి.

1988 డిసెంబరులో వెన్నులోని ఒక రక్తనాళం దెబ్బతిని క్లోజ్‌కి పక్షవాతం వచ్చింది. అప్పట్నుంచీ చక్రాల కుర్చీలో కూర్చుని, బ్రష్షుని చేతికి కట్టుకుని వేశాడు. పైభాగం అందడం కోసం, మోటారుతో కాన్వాసు నేలలోని సందులోకి దిగే ఏర్పాటు చేయించుకున్నాడు. ‘రాయ్ II’ అలాంటి రోజుల్లో వేసిందే. బ్రష్షు కాన్వాసుకి తగలాలంటే చెయ్యి చాచినంత దూరంలోనే ఉండాలి. ఆ దూరంలో ఆ బొమ్మకి ముక్కు లేదు.