టేకు పెన్నులో ఇత్తడి గొట్టం నిలవాలంటే

ప్రాణహిత గోదావరిలో కలిసే సిరోంచ నుంచి అహేరి, ఆలాపల్లి మీదుగా బల్లార్షా వరకు, తెలుగు వినిపించే ఈ మహారాష్ట్ర సరిహద్దు పొడవునా టేకు పనికి కొదవ లేదు. 2023లో అయోధ్య రామాలయం తలుపుల కోసం కలప వెళ్లింది ఈ చంద్రపూర్, గడ్చిరోలి అడవుల నుంచే. తలుపులకూ మంచాలకూ పోగా మిగిలే జానెడు తునకలను పొయ్యిలో పెట్టకుండా పెన్నులుగా మలచవచ్చు. అయితే అలా చేసిన పెన్ను నాలుగు కాలాలు నిలవాలంటే ఉలి పనితనం ఒక్కటే చాలదు. పైకి కనిపించని జిగురు పొర ఎలాంటిదన్నదే చాలాసార్లు దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది.

పని క్రమం ఇది: సుమారు రెండు సెంటీమీటర్ల మందం గల నలుచదరపు చెక్క ముక్కకు నిలువునా బెజ్జం వేసి, అందులో సన్నని ఇత్తడి గొట్టాన్ని అతికించి, జిగురు ఆరిన తర్వాత లేత్‌పై తిప్పుతూ ఉలితో చెక్కుతారు. చివరికి గొట్టం చుట్టూ మిగిలే చెక్క మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. నిబ్బు, రీఫిల్లు, క్లిప్పు వంటి లోహ భాగాలన్నీ ఆ గొట్టంలోకే బిగుస్తాయి కనుక, చెక్కకూ ఇత్తడికీ మధ్య ఉన్న అతుకు వదిలితే పెన్ను మొత్తం వదిలినట్టే. రాజమండ్రిలో 1930లలో మొదలైన రత్నం పెన్నుల్లా ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని తొలిచి చేసే పెన్నుల్లో చెక్కకు గొట్టం అతికించే ఈ సమస్య రాదు. అది వేరే విద్య.

జిగురు కొనేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఏది ఎక్కువ గట్టిది అని. ఆ ప్రశ్నకు ఇక్కడ పెద్దగా విలువ లేదని చిన్న లెక్కతో తేలిపోతుంది. సన్న పెన్నులకు విడిభాగాలు కలిపి అమ్మే కిట్టులో గొట్టం వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 50 మిల్లీమీటర్లు. అంటే జిగురు పరుచుకునే వైశాల్యం దాదాపు 1,100 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 5 న్యూటన్ల లాగుడును మాత్రమే ఓర్చుకునే నాసిరకం జిగురైనా, ఆ వైశాల్యమంతా సరిగ్గా పట్టుకుంటే 5,500 న్యూటన్లను, అంటే సుమారు 560 కిలోల బరువును ఆపగలదు. రాసే చేయి, రీఫిల్లు బిగించే చేయి అందులో చిన్న భాగాన్ని కూడా ప్రయోగించవు. అయినా గొట్టాలు ఊడుతున్నాయంటే, కారణం జిగురు బలహీనత కాదు. అది అంతటా పరుచుకోకపోవడం, పూర్తిగా గట్టిపడకపోవడం, చెక్క జిడ్డు వల్ల అంటకపోవడం, లేదా వేడికి మెత్తబడడం. కాబట్టి జిగురును దాని బలాన్ని బట్టి కాక, అది మనకు ఇచ్చే వ్యవధిని బట్టీ వేడిలో దాని నడవడిని బట్టీ ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇళ్లలో దొరికే జిగుర్లలో ఎపాక్సీ తప్ప మిగతావాటిని త్వరగా చూసి పక్కన పెట్టవచ్చు. తెల్లటి ఫెవికాల్ నీటి ఆధారంగా పనిచేస్తుంది. ఇత్తడి నీటిని పీల్చుకోదు కనుక అది ఆ వైపు పట్టదు. ఫెవిక్విక్ లాంటి సయనోఆక్రిలేట్ జిగురు తేమ తగిలితే గట్టిపడుతుంది. వానాకాలపు చెక్కలో గొట్టం సగం దూరం వెళ్లి అక్కడే బిగుసుకుపోతే ఇక ముందుకూ రాదు, వెనక్కూ రాదు. పైగా అది పెళుసు. పాలియురేథేన్ జిగురు ఆరుతూ నురుగులా ఉబ్బి గొట్టాన్ని బయటికి నెట్టగలదు. మిగిలింది రెండు ట్యూబుల ఎపాక్సీ.

ఎపాక్సీ పుట్టుకలో కట్టుడు పళ్లకూ పాత్ర ఉంది. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పియర్ కాస్టాన్ 1930లలో దంతాల పనికి తగిన పదార్థం కోసం చేసిన ప్రయత్నాల నుంచి ఇది రూపుదిద్దుకుంది; 1946లో సీబా కంపెనీ దీన్ని అరాల్డైట్ పేరుతో జిగురుగా ప్రజల ముందుకు తెచ్చింది. ఒక ట్యూబులోని రెజిన్ అణువుల చివర్లలో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన త్రిభుజాకారపు వలయాలు ఉంటాయి. ఆ కోణాల్లో పరమాణువులు బలవంతంగా వంగి ఉంటాయి కాబట్టి అవకాశం దొరికితే వలయం విచ్చుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. రెండో ట్యూబులోని హార్డ్‌నర్‌లో సాధారణంగా ఉండే అమైన్ సమూహాల్లోని నైట్రోజన్ పరమాణువులు ఆ వలయాలను తెరిచి వాటితో బంధం కట్టుకుంటాయి. ఒక్కో అమైన్ అణువు ఒకటికి మించిన రెజిన్ కొసలను పట్టుకోవడం వల్ల, జాలరి వలలో దారాలను ముడులు పట్టి ఉంచినట్టు, మొత్తం పదార్థం ఒకే అల్లికగా మారుతుంది. ఈ చర్యలో నీరు గానీ ఆవిరి గానీ వెలువడదు. అందుకే ఎపాక్సీ పెద్దగా కుంచించుకుపోకుండా బెజ్జానికీ గొట్టానికీ మధ్య ఉన్న ఖాళీని నింపుకొని గట్టిపడుతుంది.

హార్డ్‌నర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందన్న నమ్మకం వాడుకలో ఉంది. అది తప్పు. జత దొరకని హార్డ్‌నర్ అణువులు వల మధ్యలో విడిగా మిగిలి అతుకును మెత్తగా, జిగటగా ఉంచేస్తాయి. ప్యాకెట్టుపై సమానంగా కలపమని ఉంటే సమానంగానే కలపాలి, అంచుల్లో ఉన్నదాన్ని కూడా మధ్యకు లాగుతూ పూర్తిగా ఒకే రంగు వచ్చేదాకా కలపాలి.

ఇక వ్యవధి సంగతి. ప్యాకెట్టుపై రాసే ఐదు నిమిషాలు, ముప్పై నిమిషాలు అన్నవి సుమారు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకూ ఉజ్జాయింపుగా రెట్టింపవుతుంది. చంద్రపూర్ పరిసరాల్లో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ వేడిలో ఐదు నిమిషాల జిగురు మన చేతికి ఇచ్చే సమయం నిమిషం పైచిలుకు మాత్రమే. ఆ లోపల కలపాలి, బెజ్జంలో పూయాలి, గొట్టానికి పూయాలి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. రెండు గొట్టాల పెన్ను అయితే రెండోది బయటే ఉండిపోతుంది. ముప్పై నిమిషాల రకం అదే వేడిలో ఏడెనిమిది నిమిషాలు ఇస్తుంది, అది చాలు. అంతకంటే నెమ్మదిగా, రాత్రంతా గట్టిపడే సాధారణ రకం ఉంటే ఇంకా మంచిది. వేసవిలో తెల్లవారుజామున కలపడం, కలిపినదాన్ని గుట్టగా ఉంచకుండా చల్లని టైలుపై పలుచగా పరచడం కూడా సమయాన్ని పెంచుతాయి, ఎందుకంటే ఈ చర్య తానే వేడిని పుట్టిస్తుంది, గుట్టలో ఆ వేడి పోయే దారి లేక చర్యను మరింత తరుముతుంది. ఇందువల్లే టైలుపై మిగిలిన ముద్ద రాయిలా అయినంత మాత్రాన బెజ్జంలోని పలుచని పొర కూడా అలాగే అయిందని అనుకోకూడదు. గోటితో నొక్కి చూడవలసింది పలుచగా అంటిన మరకను. చలికాలపు రాత్రుల్లో ఇదే లెక్క తిరగబడి, ఒక రోజు పని రెండు రోజులు పడుతుంది.

నెమ్మదిగా గట్టిపడే రకాలకు మరో మేలు ఉంది. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీలు చాలావరకు 50 డిగ్రీల అటూ ఇటూ మెత్తబడడం మొదలుపెడతాయి. త్వరగా గట్టిపడే రకాలు సాధారణంగా ఈ విషయంలో ఇంకా వెనుకబడి ఉంటాయి. లేత్‌పై ఇసుక కాగితంతో గట్టిగా నొక్కి రుద్దినా, పెన్నును ఎండలో నిలిపిన కారులో వదిలినా ఆ వేడి సులువుగా వచ్చేస్తుంది. అందుకే రుద్దేటప్పుడు వేలితో తాకి చూసుకుంటూ, చురుక్కుమంటే ఆగాలి.

టేకు విషయంలో ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. టేకుకు చెదలు పట్టకుండా కాపాడే సహజ రసాయనాలు, రబ్బరు లాంటి పదార్థం, నూనె జిడ్డు, ఇవన్నీ జిగురును కూడా చెక్కకు దూరంగా ఉంచుతాయి. బెజ్జం వేసిన తర్వాత చెక్క చల్లారనిచ్చి, జిగురు పూసే ముందు అసిటోన్‌లో ముంచిన దూదిని సన్న పుల్లకు చుట్టి బెజ్జాన్ని తుడవాలి. దూదిపై పసుపు గోధుమ రంగులో వచ్చేది ఆ జిడ్డే. అసిటోన్ ఆవిరైపోయాక ఆలస్యం చేయకుండా అతికించాలి, లేకపోతే లోపలి నుంచి జిడ్డు మళ్లీ ఊరుతుంది. అసిటోన్ త్వరగా అంటుకునే ద్రవం, కనుక పొయ్యి దగ్గర ఈ పని వద్దు. జిట్రేగికీ (రోజ్‌వుడ్) ఇదే జాగ్రత్త. ఇత్తడి గొట్టాన్ని 120 లేదా 150 నంబరు ఇసుక కాగితంతో అడ్డంగా గీరి, మెరుపు పోగొట్టి, చేతి జిడ్డు తగలకుండా పట్టుకోవాలి. గొట్టం మొనను ఆలుగడ్డ ముక్కలో ఒత్తితే చిన్న బిరడాలా ఇరుక్కొని జిగురును లోపలికి రానివ్వదు. మరునాడు దాన్ని పుల్లతో తీసేయవచ్చు.

ఎంత మంచి జిగురూ ఆపలేనిది చెక్క కదలిక. పచ్చి టేకు పూర్తిగా ఎండితే దాని అడ్డు కొలత రెండు నుంచి ఆరు శాతం వరకు తగ్గుతుంది, పొడవు దాదాపు మారదు. ఎండిన చెక్క కూడా వానల్లో కొంత ఉబ్బి, మే నెలలో కొంత కుంచించుకుంటుంది. మధ్యలో ఉన్న ఇత్తడి దానితో పాటు తగ్గదు. వానాకాలంలో ఉబ్బిన చెక్కతో చేసిన పెన్ను వేసవిలో నిలువునా చీలడానికి కారణం ఇదే. బాగా ఎండిన ముక్కను ఇంటి లోపల కొన్ని వారాలు ఉంచి వాడడమే దీనికి మందు. కాస్త సాగే గుణం ఉన్న నెమ్మది ఎపాక్సీ ఆ తర్వాతి చిన్న చిన్న కదలికలను ఓర్చుకుంటుంది.

చర్మం గురించి నేను నొక్కి చెప్పదలచుకున్నాను. గట్టిపడని రెజిన్, హార్డ్‌నర్ పదేపదే తగిలితే కొందరికి అలర్జీ పుడుతుంది, ఒకసారి పుట్టిందంటే ఆ తర్వాత కొద్దిపాటి తాకిడికే చేతులు దద్దుర్లెక్కుతాయి. పిల్లలతో పని చేయించేవారు చేతి తొడుగులు తప్పనిసరి చేయాలి. చేతికి అంటితే థిన్నర్‌తో కాదు, గుడ్డతో తుడిచి సబ్బుతో కడగాలి. థిన్నర్ జిగురును చర్మం లోపలికి తీసుకుపోతుంది. పూర్తిగా ఆరని అతుకును ఇసుక కాగితంతో రుద్దకూడదు, ఆ పొడి కూడా అదే హాని చేస్తుంది.

ఇన్ని చేసినా గొట్టం వంకరగా అతుక్కుంటే చెక్కను పారేయనక్కరలేదు. గొట్టంలో సోల్డరింగ్ ఐరన్ మొన ఉంచి కాసేపు వేడెక్కిస్తే ఎపాక్సీ మెత్తబడుతుంది, సరిపోయే కడ్డీతో గొట్టాన్ని బయటికి నెట్టేయవచ్చు. కిటికీలు తెరిచి ఉంచి, పొగ పీల్చకుండా ఈ పని చేసి, బెజ్జాన్ని అదే కొలత డ్రిల్లుతో ఒకసారి శుభ్రం చేస్తే చెక్క కొత్త గొట్టానికి మళ్లీ సిద్ధమవుతుంది.