సర్వర్ ఎక్కడో పడితే మన ఇల్లు ఎందుకు ఆగుతోంది?

2019 మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. పాలమూరు, నల్లగొండ జిల్లాలకు కరెంటిచ్చే దక్షిణ తెలంగాణ డిస్కం కూడా వాటిలో ఉంది. సర్వర్లలోకి ర్యాన్సమ్‌వేర్ చొరబడింది. ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనే రకం వైరస్ అది. ఇళ్లలో బల్బులు వెలుగుతూనే ఉన్నాయి, ఎవరి ఫోనుకూ ఏమీ కాలేదు. వెబ్‌సైట్‌లో బిల్లు కట్టే దారి మాత్రం మూసుకుపోయింది.

అందుకే ఇప్పుడు ఇంటికి రెండు జాగ్రత్తలు కావాలి. మన చేతిలో ఉన్న పరికరాలను కాపాడుకోవడం ఒకటి. ఎక్కడో సర్వర్ పడిపోయినా రెండు మూడు రోజులు ఇల్లు గడిచేలా చూసుకోవడం ఇంకొకటి. మొదటిదాని గురించి ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. రెండోదాన్ని మన వైపు ఇంకా పట్టించుకోవడం లేదు.

పీసీలకు వచ్చిన తొలి వైరస్ 'బ్రెయిన్'. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాశారు. అది ఫ్లాపీ డిస్కుల ద్వారా పాకింది. మూడేళ్లకే, 1989లో, డబ్బు అడిగే వైరస్ కూడా వచ్చింది. ఎయిడ్స్ సమాచారం పేరుతో పోస్టులో వచ్చిన ఫ్లాపీ వేసుకుంటే కొన్నాళ్లకు ఫైళ్ల పేర్లన్నీ గజిబిజి అయ్యేవి. పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపాలని తెర మీద రాసి ఉండేది. పోస్టు బాక్సుకు డబ్బు తెప్పించుకునేవాడు దొరికిపోతాడు కాబట్టి ఆ దందా అప్పట్లో పెరగలేదు. ఎవరికి చేరిందో తేలిగ్గా పట్టుకోలేని డిజిటల్ డబ్బు బిట్‌కాయిన్ వచ్చాక ఆ చిక్కు వదిలింది. 2013లో క్రిప్టోలాకర్ అనే ర్యాన్సమ్‌వేర్ ఆ దారి పట్టింది, మిగతావి దాని వెనకే వచ్చాయి.

మన ఊళ్లలో వైరస్ అందరికీ తెలిసింది పెన్ డ్రైవ్ వల్ల. పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఆటోరన్ సౌకర్యాన్ని కూడా వాడుకుని 2008 చివర్లో మొదలైన కాన్‌ఫికర్ అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. పాత విండోస్‌లకు ఆటోరన్ కట్టేసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అందరికీ పంపింది 2011 ఫిబ్రవరిలో. దాంతో వైరస్ రాసేవాళ్లు 'షార్ట్‌కట్' ఎత్తు పట్టుకున్నారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా, రోజంతా పదుల కొద్దీ పెన్ డ్రైవ్‌లు ఎక్కిదిగే జిరాక్సు షాపు కంప్యూటర్‌కు ఇది ఒక్కసారి అంటితే చాలు. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ ఉన్నట్టే ఉంటాయి, కానీ ప్రతి బొమ్మ మూలనా చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజు ఒకటి రెండు కేబీ చూపిస్తుంది. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

బాణం గుర్తు కనబడితే దేన్నీ నొక్కకుండా ముందు యాంటీవైరస్ స్కాన్ చేయించాలి. ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ)లో అట్రిబ్ కమాండ్‌తో ఫైళ్లకున్న హిడెన్, సిస్టమ్, రీడ్ ఓన్లీ గుర్తులు తీసేస్తే అన్నీ బయటపడతాయి. వాటిని వేరేచోటికి కాపీ చేసుకుని పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టాలి. ఫైళ్లు పోయాయనుకుని ముందే ఫార్మాట్ కొట్టి నిజంగానే పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ప్రింటు కోసం 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి విడిగా పెట్టుకుని, ఆరోజు కావాల్సిన ఫైలు మాత్రమే అందులో వేసుకెళ్లడం మేలు. పిల్లల మెమోలు, పాస్‌బుక్ స్కాన్లు ఉన్న డ్రైవ్ గడప దాటకూడదు.

2017 మే 12న విరుచుకుపడిన వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్‌కి పెన్ డ్రైవ్ కూడా అక్కర్లేకపోయింది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని లోపం గుండా అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దానంతటదే దూకింది. 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లు చిక్కాయి. పక్కనే ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. రెండు నెలల వ్యవధి ఉండీ వేసుకోనివాళ్లే ఎక్కువగా మునిగారు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కాబట్టి ఇది మనకు పాత కథ కాదు. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత కంప్యూటర్‌కు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. బ్రౌజింగ్‌కూ, పిల్లల చదువుకూ వాడేదైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవచ్చు. అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మీద డీటీపీ పని నడిచే కంప్యూటర్‌కు ఆ దారి కుదరదు. దానికి నెట్ తీసేసి టైపింగ్‌కు మాత్రమే ఉంచాలి.

ఇళ్లకూ, ఫొటో స్టూడియోలకూ, ఫ్లెక్సీ షాపులకూ ఎక్కువ నష్టం చేసింది మాత్రం స్టాప్ అనీ, డీజేవీయూ అనీ పిలిచే ర్యాన్సమ్‌వేర్. క్రాక్ చేసిన ఫొటోషాప్, విండోస్ యాక్టివేటర్ లాంటివాటి లోపల కూర్చుని వస్తుంది. క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపమంటారు, ఆపిన ఆ కాసేపట్లోనే పని కానిచ్చేస్తుంది. ప్రతి ఫైలు పేరు చివరా కొత్త తోక తగులుతుంది. 980 డాలర్లు కట్టాలనీ, 72 గంటల్లోగా కడితే సగమేననీ చీటీ పెడుతుంది. డబ్బు కట్టొద్దు. కడితే ఫైళ్లు వస్తాయన్న హామీ ఏదీ లేదు. తాళం వేసిన ఫైళ్లను చెరిపేయకుండా దాచి, 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా కంపెనీలు కలిసి మొదలుపెట్టిన 'నో మోర్ ర్యాన్సమ్' సైట్‌లో ఉచిత తాళంచెవి ఉందేమో చూడాలి. కొన్నిటికి దొరుకుతుంది, చాలావాటికి దొరకదు.

నమ్మకంగా కాపాడేది విడిగా తీసి పెట్టిన కాపీ ఒక్కటే. 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మామూలు ఇంటికి సరిపోతుంది. నెలకోసారి తగిలించి, కాపీ చేసి, ఎజెక్ట్ కొట్టి బీరువాలో పెట్టేయాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది. గూగుల్ డ్రైవ్ సింక్‌ను కూడా బ్యాకప్ అనుకోవద్దు, పాడైన ఫైలే పైకి ఎక్కి మంచిదాని చోట కూర్చుంటుంది. పాత వెర్షన్లు వెనక్కి తీసుకునే గడువు మామూలుగా 30 రోజులు. పెళ్లి వీడియో కాపీ చేస్తుంటే ఖాళీ ఉండగానే ఫైలు పెద్దదైందని మొరాయిస్తే ఆ డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్నట్టు. అది 4 జీబీ దాటిన ఫైలు తీసుకోదు. అందులో ఉన్నవి వేరేచోటికి తీసి, ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసుకోవాలి.

2016 నోట్ల రద్దు తర్వాత డబ్బంతా ఫోన్లోకి చేరింది, దొంగలూ అటే తిరిగారు. పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ వేసే ఫైలు, వస్తుంది. పంపింది తెలిసినవాళ్లే అయి ఉంటారు, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే చిక్కింది. ఫొటో అయితే జేపీజీ అనో, పత్రిక అయితే పీడీఎఫ్ అనో పేరు చివర ఉండాలి. 'ఇన్‌స్టాల్' అని అడిగిందంటే అది పత్రిక కాదు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇచ్చిన మరుక్షణం నుంచి ఓటీపీలు దొంగకు చేరతాయి.

పొరపాటున వేసుకుంటే వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టాలి. అప్పుడు ఓటీపీ రాదు, బయటికి పోదు. ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే సొమ్ము దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాతే యాప్ తీసేయడం. అన్‌ఇన్‌స్టాల్ నొక్కనివ్వకపోతే మనం వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో ఫోను తెరిచి, సెట్టింగ్స్‌లోని డివైస్ అడ్మిన్ జాబితాలో దాని టిక్కు తీసేస్తే పోతుంది. నెట్‌వర్క్ తిరిగి పెట్టాక ##002# కొట్టి, మన కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లించే కాల్ ఫార్వర్డింగ్ రద్దు చేయాలి, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అన్నీ తీసేయాలి.

ఇక మన తప్పేమీ లేకుండా వచ్చే ఆటంకాలు. 2024లో ఒక్క జూలై నెలలోనే మూడు చూశాం. నెల మొదట్లో చెల్లింపు నిబంధనలు మారి, ఫోన్‌పే, గూగుల్ పేలలో కరెంటు బిల్లు కట్టే వీలు కొన్నాళ్లు పోయింది. 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ తప్పు అప్‌డేట్ పంపడంతో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి, శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. నెలాఖరులో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అది పాకకుండా, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దాని లింకు తెంచింది. దాంతో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు ఆగస్టు 1 దాకా యూపీఐ, ఏటీఎం ఆగాయి. 2025 ఏప్రిల్ 12న యూపీఐయే గంటల తరబడి మొరాయించింది.

బ్యాంకు లింకే తెగినప్పుడు నెట్ లేకుండా నడిచే *99# కూడా పనిచేయదు, అదీ ఎన్‌పీసీఐ మీదుగానే వెళ్తుంది. కాబట్టి ఖాతాలు రెండు ఉండాలి, ఒకటి గ్రామీణ బ్యాంకులో ఉంటే రెండోది పెద్ద బ్యాంకులో. పాలు, కూరగాయలు, మందులు, బస్సు చార్జీలకు మూడు రోజుల ఖర్చు నగదుగా ఇంట్లో ఉండాలి. అదీ 50, 100 నోట్లలో, ఎందుకంటే అందరూ నగదు తీసిన రోజున చిల్లర దొరకదు. వైఫై రౌటర్ తినేది సుమారు 10 వాట్లు, 12 వోల్టుల మినీ యూపీఎస్ దాన్ని రెండు గంటలు లాగుతుంది. ఏప్రిల్, మే గాలిదుమారాలకు తీగలు తెగి కేబుల్ ఆపరేటర్ దగ్గర కూడా కరెంటు లేకపోతే అదీ వృథాయే, అందుకని వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉండాలి.

ఇవన్నీ కాక ఒక కాగితం రాయాలి. కరెంటు బిల్లు మీది యూనిక్ సర్వీస్ నంబర్, గ్యాస్ కన్జ్యూమర్ నంబర్, బ్యాంకు హెల్ప్‌లైన్, 1930, డాక్టరు, నలుగురు దగ్గరివాళ్ల నంబర్లు అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు రాయొద్దు. కొడుకూ కోడలూ ముంబైకో పుణెకో పోయి, ముసలివాళ్లు ఒంటరిగా ఉండే పాలమూరు ఇళ్లలో ఈ కాగితం బీరువా తలుపుకు లోపలివైపు అంటించి, ఎక్కడుందో పక్కింటివాళ్లకు కూడా చూపించాలి. ఫోను పనిచేయని రోజున వాళ్ల ఫోను నుంచే చేయాల్సి వస్తుంది.