"నాకు గోల్ లేదు మేడమ్": కౌన్సెలింగ్‌లో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

మే, జూన్ నెలల్లో నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువగా మాట్లాడేది తండ్రులే. పిల్లలు ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటారు. మొన్న ఒకాయన సంచిలోంచి స్పైరల్ బైండింగ్ చేసిన రంగుల రిపోర్టు తీసి బల్ల మీద పెట్టారు. నలభై పేజీలకు పైనే ఉంటుంది. "వీడికి ఇంజినీరింగ్ పనికిరాదంట మేడమ్, కామర్స్‌లో వేయమని వేలిముద్రల్లో వచ్చింది" అన్నారు. అబ్బాయి తల ఎత్తలేదు.

అపోహ: వేలిముద్రలు చూసి పిల్లల దారి చెప్పేయొచ్చు.

వాస్తవం: చెప్పలేరు. వేలి మీద గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. లెక్కలు వస్తాయా, అకౌంట్స్ వస్తాయా అన్నదానికీ వాటికీ సంబంధం లేదు. డీఎంఐటీ అని పిలిచే ఈ టెస్టుకు నమ్మకం రావడానికి అమెరికన్ సైకాలజిస్టు హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో చెప్పిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం (తెలివి ఒకటి కాదు, చాలా రకాలు అనేది) పేరు తగిలించారు. ఆ సిద్ధాంతంలో వేలిముద్రల ఊసే లేదు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఈ టెస్టుకు శాస్త్రీయ ఆధారం లేదని తేల్చి చెప్పింది. ఆ రిపోర్టులో రాసినవి ఎవరికైనా సరిపోతాయి. "మీ బిడ్డ ప్రోత్సాహం ఉంటే బాగా రాణిస్తాడు" అని ఉంది ఒక పేజీలో. రాణించని బిడ్డ ఎవరండీ?

నేను కూడా ఆసక్తుల ప్రశ్నావళి ఇస్తాను, కాదనను. కానీ దానికీ ఒక హద్దుంది. పదహారేళ్ల పిల్లాడు తాను చూసిన పనులకే టిక్ పెడతాడు. చూడని పని ఇష్టమో కాదో వాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

అపోహ: ప్రతి మనిషికీ ఒక లక్ష్యం రాసిపెట్టి ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి.

వాస్తవం: ఎక్కువ మంది విషయంలో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. పని ముందు, ఇష్టం తర్వాత. 2018లో స్టాన్‌ఫోర్డ్, యేల్-ఎన్‌యూఎస్ పరిశోధకులు దీని మీద కొన్ని ప్రయోగాలు చేశారు. ఇష్టం లోపల ఎక్కడో సిద్ధంగా ఉంటుంది, దొరికితే చాలు అని నమ్మేవాళ్లు, విషయం కాస్త కష్టం కాగానే "ఇది నాది కాదులే" అని త్వరగా వదిలేస్తున్నారని తేలింది. బీటెక్ రెండో ఏడాదిలో కోడింగ్ కష్టమవగానే ఎంబీఏ, అది కష్టమవగానే డిజిటల్ మార్కెటింగ్ అంటూ తిరిగేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చూడండి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు, కుదరలేదు. మద్రాసులో వైద్యం చదివారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు, తర్వాత అమెరికా వెళ్లారు. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ అనే మందుల కంపెనీ బృందాన్ని నడిపింది ఆయనే. స్ప్రూ చికిత్సలో వాడే మందు అది. పదిహేడేళ్లప్పుడు "నీ గోల్ ఏంటి బాబూ" అని అడిగి ఉంటే బహుశా సన్యాసం అనే చెప్పి ఉండేవారు.

అపోహ: ఇష్టం, నైపుణ్యం, డబ్బు, లోకానికి అవసరం, నాలుగూ కలిసిన చోటే మన ఇకిగాయ్ (బతుకుకు అర్థం అనే జపాన్ మాట).

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఆ నాలుగు వృత్తాల బొమ్మ జపాన్‌ది కాదు. అంతకుముందే యూరప్‌లో ఒకరు గీసిన బొమ్మ మధ్యలో, 2014లో ఒక బ్రిటిష్ బ్లాగర్ ఈ జపాన్ మాట తెచ్చి పెట్టాడు. ఇకిగాయ్ గురించి 1966లోనే లోతుగా రాసిన మియెకో కమియా సైకియాట్రిస్టు. కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. ఇల్లూ ఉద్యోగమూ పోయినవాళ్లలో కొందరికి బతకడానికి ఏది ఆధారమైందన్నది ఆవిడ ప్రశ్న. జీతం వృత్తం అక్కడ ఎక్కడ పెడతారు?

అపోహ: ఇన్నేళ్లు పెట్టాక ఇప్పుడు దారి మారితే అంతా వేస్ట్.

వాస్తవం: గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఐదేళ్లుగా ఉంటున్న ఒకబ్బాయి ఇదే అన్నాడు. పోయిన ఐదేళ్లు ఉన్నా రావు, మారినా రావు. లెక్క వేయాల్సింది రాబోయే ఏడాది గురించి. మానేయమని నేను చెప్పలేదు. ఇంకెన్ని అటెంప్టులు, ఏ తేదీ వరకు, రూమ్ అద్దె ఎవరు కడతారు అన్నవి కాగితం మీద రాసి ఇంట్లో చూపించమన్నాను. ఆ కాగితం రాయడానికి అతనికి మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ చదువుతున్నాడు, సాయంత్రాలు ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాడు. నిద్ర పడుతోందట.

అపోహ: గోల్ లేకపోవడమంటే బద్ధకం.

వాస్తవం: కొందరి విషయంలో నిజమే కావచ్చు. కానీ ఇదివరకు ఇష్టపడి చేసిన పనులు కూడా వారాల తరబడి రుచించకపోతే, తిండి, నిద్ర దెబ్బతింటే, అది దిశ సమస్య కాదు. డిప్రెషన్ కావచ్చు. ముందు డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు, ఉచితం.

ఇక, "నాకు ఏ ఇంట్రెస్టూ లేదు" అనే మాట. భీమవరం దగ్గరి ఒక బైపీసీ అమ్మాయి అలాగే అంది. నీట్ ర్యాంకు రాలేదు, వాళ్లమ్మ పక్కన ఏడుస్తోంది. ఇంట్లో ఏం చేస్తుంటారమ్మా అని అడిగాను. రొయ్యల చెరువు అంది. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే ఏరియేటర్లు ఎలా వేస్తారో, చెక్ ట్రేలో మేత మిగిలితే ఏం అనుమానించాలో, నీళ్ల రంగు మారితే నాన్న కంటే తానే ముందు ఎలా పసిగడుతుందో పది నిమిషాలు ఆపకుండా చెప్పింది. వాళ్లమ్మ ఏడుపు ఆపి వినడం మొదలుపెట్టింది. బీఎఫ్‌ఎస్సీ అని చేపలు, రొయ్యల పెంపకం మీద నాలుగేళ్ల డిగ్రీ ఉంటుందని, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో దానికి కాలేజీ ఉందని చెప్పాను. "చేరిపో" అనలేదు. ముందు వెళ్లి ఒక రోజు చూసి రమ్మన్నాను, సీనియర్లతో మాట్లాడమన్నాను.

"చెరువు గురించి కూడా చదువుంటుందా మేడమ్?" అంది.