మూత తీశాక టిన్ను సంగతి: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తాను. తోతాపురి కాయలు లారీల్లో దిగడం దగ్గర్నుంచి, గుజ్జు 3.1 కిలోల పెద్ద డబ్బాల్లో నిండి, మూత బిగిసి, మరిగే నీళ్లలో ఉడికి బయటికొచ్చేదాకా అంతా మా కళ్లముందే జరుగుతుంది. మూసి ఉన్నంతకాలం ఆ డబ్బాకు మాది పూచీ. తెరిచాక ఏం చేయాలో లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో ఒక్క లైను ఉంటుంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. అందుకే చుట్టాలూ తెలిసినవాళ్లూ నన్ను ఎక్కువగా అడిగేవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టిన్నుల్లో ప్రిజర్వేటివ్‌లు దండిగా కలుపుతారు, తెరిచినా పాడవదు.

అన్నింటికంటే ప్రమాదమైన నమ్మకం ఇది. టిన్నులో సరుకు ఏడాదీ రెండేళ్లూ నిలవుండేది ప్రధానంగా వేడి వల్లా, గాలి చొరబడని మూత వల్లా. మామిడి గుజ్జు, పైనాపిల్ లాంటి పులుపున్నవాటికి, అంటే పిహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉన్నవాటికి, మరిగే నీటి వేడి చాలు. స్వీట్‌కార్న్, పుట్టగొడుగులు, శనగలు, ట్యూనా చేప లాంటివాటిలో ఆ పులుపు లేదు కాబట్టి, క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు చచ్చేలా ప్రెషర్‌లో 121 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్తారు. ఆ తర్వాత లోపలికి ఏదీ రాకుండా ఆపేది మూత అంచూ డబ్బా అంచూ కలిపి మడిచిన ఆ సన్నటి మడతే. మీరు ఓపెనర్ పెట్టి ఒక్క చిల్లు చేశారంటే ఆ రక్షణ అక్కడితో అయిపోయింది, ఇక అది పొద్దున వండిన కూరతో సమానం.

మొక్కజొన్న, పుట్టగొడుగులు, చేప లాంటివి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయండి. పుల్లటి పండ్లయితే ఐదు నుంచి ఏడు రోజులు ఆగుతాయి. బయట రెండు గంటలకు మించి వదలొద్దు, మన ఎండాకాలంలో అయితే గంట కూడా ఎక్కువే. తీసిన ప్రతిసారీ పొడి స్పూను వాడండి, నోట్లో పెట్టుకున్నది మళ్లీ ముంచకండి.

అపోహ: టిన్నుతో సహా ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి విషమైపోతుంది.

అలా ఏమీ కాదు, టెన్షన్ పడి అంతా పారబోయక్కర్లేదు. కానీ టిన్నులో ఉంచకూడదన్న మాట మాత్రం నిజమే. ఇనుప రేకు మీద తగరం పూత ఉంటుంది, చాలా డబ్బాలకు దాని మీద లోపల లక్క లాంటి మరో పొర వేస్తారు. పైనాపిల్ లాంటి కొన్ని పండ్లకు మాత్రం ఆ పొర వేయకుండా ఉత్త తగరమే వదిలేస్తారు, పండు రంగు నల్లబడకుండా అది కాపాడుతుంది కాబట్టి. మూసి ఉన్నప్పుడు లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు, తగరం చాలా మెల్లగా కరుగుతుంది. తెరవగానే గాలీ పులుపూ కలిసి ఆ కరగడం వేగమవుతుంది. టిన్ను ఆహారంలో తగరం కిలోకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి ఉంది, బాగా ఎక్కువైతే కడుపులో నొప్పీ వాంతులూ వస్తాయి. రుచి లోహంలా అనిపిస్తే తినకండి. తెరిచిన వెంటనే గాజు సీసాలోకో మూతున్న స్టీలు గిన్నెలోకో మార్చేస్తే ఈ గొడవే ఉండదు.

అపోహ: ఉబ్బిన టిన్ను తెరిచి, వాసన చూసి, కొంచెం నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది.

దయచేసి ఈ పని చేయకండి. బొట్యులినం విషానికి రుచీ వాసనా ఉండకపోవచ్చు, చాలా తక్కువ మోతాదే నరాలను పనిచేయకుండా చేస్తుంది. టిన్ను ఉబ్బినా, కారుతున్నా, తెరవగానే బుస్సుమని లోపలిది చిమ్మినా దాని పని అంతే. తెరవనిదైతే తెరవకుండానే రెండు కవర్లలో చుట్టి పారేయండి, కుక్కకో ఆవుకో పెట్టొద్దు. చిన్న సొట్ట పడితే ఫర్వాలేదు. అంచు మడత దగ్గర సొట్ట పడినా, గుడ్డతో తుడిస్తే పోనంత లోతుగా తుప్పు పట్టినా వద్దు.

మూసిన టిన్ను స్టవ్ మీద పెట్టి వేడిచేయడం, కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాను అలాగే ఉడకబెట్టి క్యారమెల్ చేయడం కూడా మానేయండి, లోపలి ఒత్తిడికి పేలి వేడి పాకం మొహం మీద పడుతుంది.

అపోహ: కోసుకుంటే తుప్పు పట్టిన టిన్నుకే ధనుర్వాతం భయం, కొత్తదైతే పట్టించుకోనక్కర్లేదు.

ధనుర్వాతం తెచ్చేది మట్టిలో, దుమ్ములో ఉండే బ్యాక్టీరియా, తుప్పుకు దాంతో నేరుగా సంబంధం లేదు. మెరిసే కొత్త మూత కూడా బ్లేడంత పదును. ఎక్కువ గాయాలయ్యేది మూత తీసేటప్పుడే అనుకుంటారు, కానీ కడిగేటప్పుడు అయ్యేవీ తక్కువేం కాదు. రింగు లాగే టిన్నుల్లో మూత ఊడిపోయాక లోపలి వైపు గోరంత అంచు మిగిలిపోతుంది, పీచు పట్టుకుని చెయ్యి లోపల తిప్పితే వేలి కణుపు సరిగ్గా దానికే తగులుతుంది. పొడవు కాడ బ్రష్‌తో కడగండి, లేదంటే నీళ్లు పోసి గిలకరించి పారబోయండి. ఇంట్లో పనిచేసే ఆవిడకు గిన్నెల మధ్య టిన్ను వేయొద్దు, సబ్బు నురగలో ఆ అంచు కనిపించదు.

తెగితే ధారగా పడే నీళ్ల కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండి. వేలు సరిగ్గా వంగకపోయినా, కొసకు స్పర్శ తెలియకపోయినా నరమో కండర తాడో తెగి ఉండొచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. టీటీ చేయించుకుని చాలా ఏళ్లయితే డాక్టర్‌కు ఆ మాట చెప్పండి.

అపోహ: ఖాళీ టిన్నే కదా, ఏ బుట్టలో వేస్తేనేం.

మీ చెత్తను ఎవరో ఒకరు చేత్తో వేరు చేస్తారు, చాలాసార్లు గ్లౌజులు కూడా లేకుండా. కూరగాయల తొక్కల కింద దాగిన మూత వాళ్ల అరచేతిని చీలుస్తుంది. నేను చేసేది చెప్తాను: ఓపెనర్‌తో మూతను పూర్తిగా కోయకుండా వేలెడంత వెడల్పు అతుకు వదిలేస్తాను. ఖాళీ అయ్యాక కడిగి, మూతను స్పూనుతో లోపలికి నొక్కి, డబ్బా మూతిని సుత్తితో రెండు దెబ్బలు కొడితే అంచులు ఒకదానిమీదొకటి కూర్చుంటాయి. పూర్తిగా ఊడిన మూతనైనా లోపలే వేసి ఇలాగే మూతి మూసేయొచ్చు. తర్వాత పొడి చెత్తలో, నీలం బుట్టలో వేయండి, లేదా పాత ఇనుప సామాన్ల కొట్టుకు ఇవ్వండి, ఉక్కు ఎన్నిసార్లయినా కరిగించి వాడుకునే లోహం. లేబుల్ పీకక్కర్లేదు.

మూతి తెరిచి రోడ్డు పక్కన పడేసిన టిన్నులో వీధికుక్క తల దూర్చి ఇరుక్కుంటే తనంతట తాను తీసుకోలేదు. వాన నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమలు తయారవుతాయి. మొక్క పెట్టుకుంటానంటే అడుగున చిల్లులు చేసి, అంచు లోపలికి మడిచి పెట్టుకోండి, మంచిదే. పచ్చళ్లూ నూనె మాత్రం మళ్లీ అందులో పోయకండి, పూత గీసుకుపోయిన చోటే తుప్పు మొదలవుతుంది. ఒకసారి వాడిన రేకు డబ్బాలో మళ్లీ ఆహారం ప్యాక్ చేసి అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన కూడా ఉంది.

ఇంకొకటి, రింగు మధ్యలో తెగిపోతే కత్తితో పొడవకండి. మామూలు ఓపెనర్‌తో తీయండి.